అరకు వానలో... అరువు కెమెరా!

ఈఎంఐలు ఇంకా ఏడు కట్టాల్సి ఉండగానే నా మొదటి కెమెరా చచ్చిపోయింది.

రెండేళ్ల కిందటి మాట. ఉద్యోగంలో చేరిన ఏడాదికి, పన్నెండు నెలల వాయిదాల మీద కొన్నా. ఐదో వాయిదా కట్టిన వారానికి దాన్ని మెడలో వేసుకుని కటికి జలపాతం దగ్గరికి వెళ్లా. చిన్న తుంపరే. జలపాతం నుంచి వచ్చే జల్లు మాత్రం మొహాన కొడుతోంది. ఇరవై ఫోటోలు తీశాక స్క్రీన్ ఒక్కసారి మినుకుమని ఆరిపోయింది.

అప్పుడు నేనేం చేశానో వరసగా చెబుతా. మళ్లీ ఆన్ చేశా. రాలేదు. బ్యాటరీ తీసి, చొక్కాకి తుడిచి, పెట్టి, మళ్లీ ఆన్ చేశా. ఒక్క క్షణం వెలిగింది. ‘హమ్మయ్య’ అనుకుని ఫోటోలు చూడబోయా. మళ్లీ ఆరింది. అరకులో రూముకి వెళ్లాక హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి కొట్టా. రాత్రంతా బియ్యంలో పాతిపెట్టా. తెల్లారి లేచి మళ్లీ ఆన్ చేశా.

సర్వీస్ సెంటర్‌లో దాన్ని విప్పిన కుర్రాడు లోపలి బోర్డు చూపించాడు. అక్కడక్కడా పచ్చగా చిలుం. రిపేరుకయ్యే డబ్బుతో ఇంకో కెమెరానే వస్తుంది. “నీళ్లు చంపలేదన్నా దీన్ని. తడిగా ఉన్నప్పుడు కరెంటు పంపారు చూడండి, అది చంపింది” అన్నాడు.

ఆ తర్వాత ఏడు నెలల పాటు, ప్రతి ఐదో తారీఖున, లేని కెమెరాకి డబ్బు కట్టా. ఆ కుర్రాడి మాట అంత బాగా గుర్తుండిపోవడానికి కారణం అదే.

శనివారం రాత్రికల్లా...

ఈ శ్రావణంలో మళ్లీ కటికికి వెళ్లాలనిపించింది. అప్పుడు తీయలేకపోయిన ఫోటో ఒకటి బాకీ ఉండిపోయింది. కానీ కెమెరా ఏదీ? విజయనగరంలో మా బాబాయ్‌కి ఫోటో స్టూడియో ఉంది. భయపడుతూనే అడిగా.

“ఒరే, శ్రావణమాసంరా ఇది. ఆదివారం తెల్లారగట్ల ముహూర్తం. శనివారం రాత్రికి ఇది నా బల్ల మీద ఉండాలి. ఉండడమంటే, పని చేస్తూ ఉండాలి” అన్నాడు బాబాయ్. ఆ పెళ్లికి అడ్వాన్స్ తీసేసుకున్నాడు. ఆయన దగ్గర రెండో కెమెరా ఉంది గానీ దాంతో ఎప్పుడూ వీడియోనే తీస్తారు. అంటే నేను భుజాన వేసుకుని వెళుతున్నది ఒక ఇంటి నెల ఖర్చుని.

ఇచ్చే ముందు లెన్సు తిప్పి తీసి, వెనక వైపు చూపించాడు. “ఈ బాడీకి వాన తట్టుకునే సీలింగ్ ఉందిరా. లెన్సుకి లేదు. సీలింగ్ ఉన్న లెన్సయితే ఇదిగో, ఈ ఇనప రింగు చుట్టూ సన్నటి రబ్బరు పట్టీ ఉంటుంది. దీనికి చూడు, లేదు. ఇల్లు పక్కాదే, తలుపు తడిక!”

వెదర్ సీలింగ్ అన్న మాట చూసి చాలామంది మోసపోయేది ఇక్కడే. అది జల్లుని కాసేపు ఆపుతుందనే గానీ, నీళ్లలో ముంచినా ఏమీ కాదని కాదు. బాడీకి, లెన్సుకి రెండింటికీ ఉంటేనే ఆ కాసేపైనా. రబ్బరు కూడా పాతబడుతుంది.

ఆ రాత్రి స్టూడియోలో కూర్చుని వానకోటు తయారు చేశా. దుప్పట్లు అమ్మేటప్పుడు పెట్టిచ్చే మందపాటి పారదర్శక కవరు ఒకటి, నాలుగు రబ్బరు బ్యాండ్లు. కవరుకి ఒక మూల లెన్సు పట్టేంత గుండ్రటి కన్నం చేసి, అందులోంచి లెన్సు హుడ్‌ని బయటికి తెచ్చి, కవరు అంచుని హుడ్ చుట్టూ రబ్బరు బ్యాండుతో బిగించా. రెండో వైపు నుంచి చేతులు లోపలికి వెళ్తాయి. ఇవి కాక మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, జిప్ కవర్లు, ఒక నూలు తువ్వాలు, సిలికా జెల్ పొట్లాలు, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా. ఇంట్లో ఉన్నవి పోగా, కొన్నవాటికి మూడొందలు కూడా అవలేదు.

బ్యాగుకి రెయిన్ కవర్ ఉంది కదా అనుకోవద్దు. అది ముందు వైపే కప్పుతుంది. మన వీపుకి ఆనుకుని ఉండే వైపు నుంచి, పట్టీల వెంట నీళ్లు దిగుతాయి. అందుకే బ్యాగు లోపల పెద్ద చెత్త కవరు ఒకటి పరిచి, సామానంతా అందులో పెట్టి మూతి మడిచేశా. బయట బ్యాగు తడిసినా లోపల సామాను తడవదు.

రైలు దిగగానే తీయొద్దు

శుక్రవారం పొద్దున్నే కొత్తవలసలో కిరండూల్ వెళ్లే రైలెక్కా. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి 1960ల్లో వేసిన లైను ఇది. ఖనిజం కోసం తొలిచిన సొరంగాల్లోంచి ఇప్పుడు మనం మబ్బులు చూడ్డానికి వెళ్తున్నాం. శృంగవరపుకోట దాటి, శివలింగపురం నుంచి కొండెక్కడం మొదలవుతుంది. తైడ, చిమిడిపల్లి... ఒక్కో సొరంగం దాటినప్పుడల్లా పచ్చదనం ఇంకాస్త చిక్కబడుతుంది. సొరంగం చీకట్లో కుర్రాళ్ల కేకలు, బయటపడగానే పక్కనే జారుతున్న పేరు తెలీని జలపాతం.

నేనెక్కింది అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ. ఏసీ చల్లగా ఉంది. బొర్రా గుహలు స్టేషన్లో దిగేసరికి ఎదురుగా కొండ మీద మబ్బు కూర్చుని ఉంది. నా పక్కన దిగినాయన గబుక్కున కెమెరా తీశాడు. లెన్సు తెల్లగా మసకబారింది. తుడిచాడు. మళ్లీ మసక. మళ్లీ తుడిచాడు.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే ఇది కూడా. ఏసీలో చల్లబడిన గాజుకి బయటి తేమ గాలి తగలగానే నీరు చేరుతుంది. బయటి గాజు మీదే అయితే తుడవొచ్చు, లోపలి గాజుల మీద కూడా చేరితే తుడిచే దారే లేదు. విశాఖలో ఏసీ రూములోంచి నేరుగా బీచ్‌కి వెళ్లినా ఇదే గొడవ. మందు తేలిక: కెమెరాని జిప్ వేసిన బ్యాగులోనే ఉంచి, బయటికొచ్చాక ఇరవై ముప్పై నిమిషాలు ఆగడం. చెమటేదో కవరు మీద పడుతుంది. నేను ఆ అరగంటలో రెండు టీలు తాగా. మబ్బు ఎక్కడికీ పోలేదు.

గిడుగు చెప్పిన కిటుకు

బొర్రా నుంచి జీపు. రాళ్ల దారిలో అది ఎగిరెగిరి పడుతుంటే కెమెరా బ్యాగుని పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నా. దిగి కెమెరాకి కవరు తొడుగుతుంటే డ్రైవరు నవ్వాడు. “ఏటి బాబూ, కెమెరాకి చొక్కా తొడిగేసినారేటి?”

చొక్కా ఏంటి, ప్యాంటు కూడా తొడిగా. ఎక్కడా చుక్క దూరకూడదని కింది వైపు కూడా మణికట్ల చుట్టూ రబ్బరు బ్యాండ్లు బిగించేశా. జలపాతానికి నడిచే దారిలో పావుగంటకే కవరు లోపల మంచు పట్టినట్టయింది. స్క్రీన్ కనబడదు, బటన్లు జారుతున్నాయి. వాన చుక్క ఒక్కటి లోపలికి రాలేదు. నా చేతుల చెమటా వేడీ కలిసి లోపలే చిన్న వాన తయారు చేశాయి.

దారి పక్కన ఒకావిడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. నెత్తి మీంచి వీపు దాకా వెదురూ ఆకులూ కలిపి అల్లిన గిడుగు. ఒక పొత్తు కొనుక్కుని చెట్టు కింద నిలబడి కవరు తుడుస్తుంటే కాసేపు చూసి అంది, “కిందా మీదా కట్టీసినావు, గాలెలాగ వస్తాది బాబూ?”

ఆవిడ గిడుగు వంక చూశా. పైన చుక్క దిగదు. కింద అంతా ఖాళీ. నీరు ఏటవాలుగా జారిపోతుంది, గాలి కింద నుంచి ఆడుతుంది. గిడుగు వేసుకునే ఆవిడ వంగి నాట్లు వేస్తుంది, కట్టెలు మోస్తుంది, చెమటకి ఉడికిపోదు. వాన పై నుంచి పడుతుంది కదా, కింద మూయడమెందుకు? ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

కింది బ్యాండ్లు తీసేశా. కవరుని గుడారంలా వదులుగా వేలాడనిచ్చా. పది నిమిషాల్లో లోపలి మసక తగ్గింది. “థాంక్సక్కా” అంటే, “ఇంకో పొత్తు తీసుకో” అంది. తీసుకున్నా.

నీళ్లు ఎర్రబడ్డాయి

బొర్రా గుహల్లోంచి పారే గోస్తని నీళ్లే కటికి జలపాతం. ఎండాకాలంలో చూసినవాళ్లు ఆగస్టులో గుర్తుపట్టలేరు. చప్పుడు ముందు వినబడుతుంది, తర్వాత చల్లటి జల్లు తగులుతుంది, ఆ తర్వాతే నీళ్లు కనబడతాయి.

ఇక్కడ ప్రతి ఫోటోకీ ఒక వరస పెట్టుకున్నా. లెన్సుని నేల వైపు దించే ఉంచడం. ఫ్రేము ముందు కళ్లతోనే చూసుకోవడం. ఎత్తడం, తీయడం, దించడం. నాలుగైదు సెకన్లు. హుడ్ ఉంది కాబట్టి చాలా చుక్కలు దాని అంచు మీదే ఆగిపోతాయి. పడ్డ ఒకటీ రెండూ మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. లెన్సు గుడ్డ వేరు, బాడీ గుడ్డ వేరు. రెండూ వేర్వేరు జిప్ కవర్లలో. ఒకే గుడ్డ వాడితే బాడీ మీది మట్టిని తెచ్చి లెన్సుకి పూసినట్టే.

జూమ్ చేస్తే ముందుకు సాగే లెన్సులతో ఇంకో జాగ్రత్త. సాగిన గొట్టం మీద నీటి చుక్కలుండగా వెనక్కి తిప్పితే వాటిని మనమే లోపలికి లాక్కున్నట్టు. ముందు తుడవాలి, తర్వాతే తిప్పాలి. నేనైతే జూమ్ ఒకచోట ఉంచేసి, కాళ్లతో ముందుకీ వెనక్కీ నడిచా.

ఇంతలో పై నుంచి మబ్బు దిగింది. జలపాతం సగం మాయమై, కొండకి అతికించినట్టున్న ఒక్క చెట్టు మాత్రం మిగిలింది. రెండేళ్లుగా నాకు బాకీ ఉన్న ఫోటో అదే. కానీ నాకు కావాల్సింది వెడల్పు లెన్సు. అది బ్యాగులో ఉంది. మార్చడానికి అర నిమిషం చాలు. చెట్టు కింద, కవరు చాటున...

చెయ్యి బ్యాగు జిప్ దాకా వెళ్లింది. లెన్సు తీశామంటే కెమెరా గుండె తెరిచినట్టే. గాలి నిండా జల్లే ఉంది. బాబాయ్ చూపించిన తడిక తలుపు, ఆదివారం పెళ్లి, ఏడు వాయిదాలు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నా. ఉన్న లెన్సుతోనే పక్కపక్కన మూడు తీశా. ఇంటికెళ్లాక అతికించుకోవచ్చు.

మూడోది తీశానో లేదో, డ్రైవరు కేక. “బాబూ, నీళ్లు ఎర్రబడ్డాయి, వచ్చీండి!” తెల్లటి నీళ్లలో మట్టి రంగు కలిసింది. అంటే పైన ఎక్కడో గట్టి వాన పడి, ఆ నీరు దిగుతోందని. ఇలాంటప్పుడు ఇంకొక్కటి అనుకోకూడదు. కెమెరా పోతే వాయిదాలుంటాయి, మనిషి పోతే ఏమీ ఉండదు. రాళ్ల మీద ఉన్నవాళ్లందరం గట్టెక్కేశాం. కాసేపటికి నేను నిలబడ్డ రాయి మీద నుంచి నీళ్లు పారుతున్నాయి.

ఆ కంగారులో కవరు ఒక కొమ్మకి తగిలి చిరిగింది. కెమెరా పైన, ఫ్లాష్ బిగించే చోట, నీళ్లు నిలిచి ఉన్నాయి.

ఆన్ చేయని రాత్రి

రెండేళ్ల కిందటి నేనైతే వెంటనే బటన్ నొక్కి చూసేవాణ్ని. మామూలు నీళ్లలో లవణాలుంటాయి, కరెంటుని పోనిస్తాయి. తడిసిన బోర్డులో విద్యుత్తు పారితే షార్ట్ అవుతుంది, రాగి గీతలు వేగంగా తినేయబడతాయి. కరెంటు లేకపోతే ఆ నీరు ఆరిపోవడానికి మనం టైమిచ్చినట్టు.

అందుకే ఈసారి ముందు స్విచ్ ఆఫ్. బ్యాటరీ బయటికి. కార్డు బయటికి. కెమెరాని ఊపలేదు, ఊపితే బయటి నీరు లోపలికి పోతుంది. తువ్వాలుతో అద్ది, పొడి జిప్ కవర్లో పెట్టి, జీపులోనే అరకు చేరా.

రూములో బ్యాటరీ తలుపు, కార్డు తలుపు తెరిచి, ఫ్యాను గాలి తగిలేలా బల్ల మీద పెట్టా. హెయిర్ డ్రయ్యర్ వద్దు. ఆ వేడికి జిగురు, రబ్బరు వదులవుతాయి, గాలి జోరుకి నీరు ఇంకా లోపలికి వెళ్తుంది. బియ్యం అసలే వద్దు. యాపిల్ కంపెనీ కూడా తడిసిన ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని, బియ్యపు నలుసులు ఫోన్‌ని పాడుచేయొచ్చని తన సూచనల్లో రాసింది. బియ్యం వండుకోవడానికే. రెండు గంటలు గాలికి ఆరాక, సిలికా జెల్ పొట్లాలతో పాటు డబ్బాలో పెట్టి మూత బిగించా. తడి బ్యాగుని విడిగా దండెం మీద ఆరేశా. కెమెరాని మళ్లీ ఆ బ్యాగులోనే పెడితే పడ్డ శ్రమంతా వృథా.

ఫోటో వచ్చిందో లేదో చూడాలని మనసు పీకుతూనే ఉంది. దానికీ ఉపాయముంది. చిన్న కార్డ్ రీడర్. కార్డు పొడిగా తుడిచి ఫోన్‌కి తగిలించి చూశా. మబ్బు, చెట్టు, విరిగిపడుతున్న నీళ్లు. మూడు ఫ్రేములూ ఉన్నాయి. ఫోటో దక్కింది. కెమెరా దక్కిందా లేదా అన్నది మాత్రం తెలీదు. తెలుసుకోకుండా పడుకోవడం చాలా కష్టం. పడుకున్నా.

‘నా దగ్గర ఫోనే ఉంది’ అంటారా?

అప్పుడు కూడా సూత్రం ఇదే. ఫోన్ మీద ఐపీ68 అని రాసుంటే 6 దుమ్ము గురించి, 8 నీటి గురించి. ఆ పరీక్షలు కొత్త ఫోన్‌తో, మంచినీటిలో చేస్తారు. సముద్రపు ఉప్పునీరు, ఒకసారి కిందపడి బీటలిచ్చిన అద్దం, రిపేరుకి విప్పి అతికించిన ఫోన్... వీటికి ఆ అంకె హామీ కాదు. చాలా కంపెనీల వారంటీలో నీటి వల్ల జరిగే నష్టం ఉండదు కూడా.

వానలో టచ్ స్క్రీన్ మాట వినదు, చుక్కల్ని కూడా వేళ్లనుకుంటుంది. వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేయండి. పారదర్శక జిప్ కవర్లో పెట్టి తీసినా పర్లేదు, లెన్సు దగ్గర కవరు ముడతల్లేకుండా లాగి పట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, తడిసిన ఫోన్‌కి ఛార్జర్ పెట్టకండి. పోర్టు పూర్తిగా ఆరేదాకా ఆగండి. సముద్రపు జల్లు తగిలితే పొడిగుడ్డ కన్నా ముందు, మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. ఉప్పు ఎండితే గీతలు పడతాయి.

బల్ల మీద

శనివారం అనంతగిరి ఘాట్ మీదుగా దిగే బస్సెక్కా. కాఫీ తోటల మీద వాన పడుతూనే ఉంది. ఒక్క ఫోటో తీయలేదు. డబ్బా ఒళ్లోనే ఉంది, మూత తీయలేదు.

రాత్రి ఎనిమిదింటికి స్టూడియోలో బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేశా. చిరిగిన కవరు కూడా దాచలేదు. బాబాయ్ ఏమీ అనలేదు. కెమెరాని దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. టార్చి వేసి లెన్సులోకి చూశాడు. తర్వాత అల్మరా తెరిచి ఒక పాత లెన్సు తీసి నా చేతిలో పెట్టాడు. లోపల గాజు మీద సాలెగూడులా సన్నటి తెల్లటి పోగులు.

“ఫంగస్. ఇది వానలో ఒక్కరోజు తడిసింది కాదురా. తడి బ్యాగులో పెట్టి నెలన్నర మర్చిపోయింది. నేనే” అన్నాడు. అప్పటినుంచి ఆయన అల్మరాలో చిన్న బల్బు ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉంటుందట, తేమ చేరకుండా. మనకైతే సిలికా జెల్ ఉన్న డబ్బా, లోపల ఒక చిన్న తేమ మీటరు చాలు. మీటరు 40కీ 50కీ మధ్య చూపిస్తుంటే కెమెరా హాయిగా ఉన్నట్టు. రంగు మారే సిలికా జెల్ అయితే, రంగు మారాక వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది.

కొత్తగా ఛార్జ్ చేసిన బ్యాటరీ తెచ్చి వేశాడు బాబాయ్. స్విచ్ మీద వేలు పెట్టి నా వంక చూశాడు. నేను గోడ మీదున్న పెళ్లి ఫోటోల్ని చూస్తున్నా.

స్క్రీన్ వెలిగింది. క్లిక్‌మని నన్నే ఒకటి తీశాడు. “బాగానే ఉంది. మొహమే బాగాలేదు” అన్నాడు.

ఆదివారం తెల్లారగట్ల, ముహూర్తానికి గంట ముందు, ఊరేగింపు గుడి దగ్గర ఉండగా చినుకులు మొదలయ్యాయి. బాజాలవాళ్లు పక్కకి జరిగారు. బాబాయ్ మాత్రం కదల్లేదు, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపాడు.

నేనప్పటికే కవరు విప్పా. కింద ముడి వేయకుండా.